ఫెర్గూసన్‌ని ఇంకా తిట్టుకోవాలా? (లివర్‌పూల్ వాళ్లకి మాత్రమే. సరే, ఓబులేసు కూడా రావచ్చు)

కాకినాడ కాప్ | శనివారం, రాత్రి 10:52

మావాడికి 14 ఏళ్లు. వాడికి ఊహ తెలిశాక మాంచెస్టర్ యునైటెడ్ ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది లేదు. నిన్న అన్నం తింటూ అడిగాడు, "నాన్నా, యునైటెడ్ ఓడిపోతే నీకంత సంబరం ఎందుకు? వాళ్లెప్పుడూ ఓడేవాళ్లేగా?" అని.

ముద్ద గొంతులో ఆగింది. నా ఇరవయ్యేళ్ల ఏడుపు వాడికి ఒక్క ముక్క తెలియదన్నమాట.

సరే, యునైటెడ్‌కి ఫెర్గూసన్ అని ఒక మేనేజరుండేవాడురా అని మొదలెట్టాను. ఎర్రబడ్డ మొహం, నోట్లో చూయింగ్ గమ్, జట్టు వెనకబడిందంటే రిఫరీకి కనబడేలా చేతి గడియారం మీద టకటకా కొట్టడం. తిట్టడానికే మొదలెట్టాను, ఒట్టు. అరగంటయ్యాక చూసుకుంటే, అబర్డీన్ లాంటి జట్టుని పెట్టుకుని 1983లో రియల్ మాడ్రిడ్‌ని ఎలా పడగొట్టాడో చేతులూపుతూ చెబుతున్నాను. చెయ్యి ఎండిపోయింది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఇంతకీ ఆయన మీవాడా, వాళ్లవాడా?" అంది.

అందుకే అడుగుతున్నా. 2011 మేలో బ్లాక్‌బర్న్‌లో 1-1 డ్రా చేసుకుని, 19వ లీగ్ టైటిల్‌తో మనల్ని దాటి వెళ్లిన రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. జ్వరమని చెప్పా. ఇప్పుడు టైటిళ్ల లెక్క 20-20. కడుపుమంట కాస్త చల్లారింది. ఇప్పుడైనా ఉన్నమాట చెప్పండి. ఆ మనిషి గొప్పవాడా, గెలిచిన రౌడీయా?

---

గోల్కొండ కాప్ | శనివారం, రాత్రి 11:07

గొప్పోడే, ఎవరు కాదన్నరు. 26 ఏండ్లు ఒకటే కుర్చీ, 38 ట్రోఫీలు, అండ్ల 13 లీగులు. కానీ గొప్పోడంటే మంచోడని కాదు గదనే. కొడుకు మీద ఏదో డాక్యుమెంటరీ తీసిన్రని 2004ల బీబీసీ మీద అలిగిండు. 2011 దాక వాళ్ల మైకు మొహం సూడలే. మ్యాచ్ అయినంక అసిస్టెంటును తోలేటోడు. పెండ్లి పత్రికల పేరు తప్పు పడ్డదని ఏడేండ్లు గడప తొక్కని పెద్దనాయన ఉంటడు సూడు, గసొంటోడు.

ఇగ ఫెర్గీ టైమ్, అంటే ఆఖర్ల గాయన జట్టుకు దొరికే అదనపు నిమిషాలు. 1999 జనవరి, ఎఫ్‌ఏ కప్. మూడో నిమిషంల మన ఓవెన్ కొట్టిండు. 88 దాక మనమే ముందట. యార్క్ ఒకటి, ఇంజురీ టైమ్ల సోల్‌షేర్ ఒకటి. నాయిన పక్క రూంల పండుకున్నడు, ఒర్రరాదు. మెత్త నోట్ల కుక్కుకున్న. గా రాత్రి మర్శిపోయి గాయనకు దండం పెట్టమంటవా?

---

విశాఖ వింగర్ | శనివారం, రాత్రి 11:10

మెత్త కథ మాదీ అదే గురూ. కాపోతే మాది హాస్టలు. రూములో నేనొక్కడినే లివర్‌పూలు, మిగతా అందరూ యునైటెడే. మెత్త కూడా ఆళ్లే లాక్కున్నారు.

---

లెక్కల మాస్టారు | శనివారం, రాత్రి 11:38

గోల్కొండ తమ్ముడూ, ఆ మ్యాచ్ నేనూ చూశాను. కానీ ఫెర్గూసన్ అనగానే మనం గడియారం, రిఫరీ, మైండ్ గేమ్స్ అని ఓ మూట విప్పుతాం. ఆ మూటలో సగం మన ఓదార్పు కోసం మనమే కట్టుకున్నది.

ఉదాహరణకి 2009 జనవరి 9. మన మేనేజర్ బెనిటెజ్ ఫెర్గూసన్ మీద కాగితం తీసి "ఫ్యాక్ట్స్" అంటూ చదివాడు. అప్పటికి పైన ఉన్నది మనమే. ఆ కాగితంతో మనవాడి మతి పోయింది, ఫెర్గూసన్ మైండ్ గేమ్స్‌తో లీగ్ ఎగరేసుకుపోయాడు అని అందరూ అంటారు. సరే, పట్టిక తీయండి. ఆ సీజన్లో మనం 38 మ్యాచ్‌ల్లో ఓడింది 2. యునైటెడ్ 4 ఓడింది. వాళ్లని ఇంటా బయటా రెండుసార్లూ మనమే కొట్టాం, వాళ్ల మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అయితే 4-1. అయినా వాళ్లకి 90 పాయింట్లు, మనకి 86. ఎక్కడ పోయాయి? 11 డ్రాలు. స్టోక్, ఫుల్‌హామ్, వెస్ట్‌హామ్, హల్ ఈ నలుగురూ మన మైదానం ఆన్‌ఫీల్డ్‌కి వచ్చి పాయింటు పట్టుకుపోయింది ఆ కాగితం చదవకముందు. దానికి ఫెర్గూసన్ ఏం చేశాడు పాపం?

1996 అంతే. న్యూకాసిల్ జనవరిలో 12 పాయింట్లు ముందుంది. వాళ్ల మేనేజర్ కీగన్ టీవీలో వేలు చూపిస్తూ ఊగిపోయింది ఏప్రిల్ 29న. అప్పటికే యునైటెడ్ పైకెక్కి కూర్చుంది. గిన్నె ఒలికిపోయాక వచ్చిన ఏడుపు అది. పైగా ఏప్రిల్ 3న 4-3తో న్యూకాసిల్ నడ్డి విరిచింది ఎవరు? మనమే. ఆ మ్యాచ్‌ని ఇప్పటికీ అద్భుతం అని చెప్పుకుంటాం. దాని ఫలం తిన్నది ఆయన.

---

ఓల్డ్ ట్రాఫర్డ్ ఓబులేసు | శనివారం, రాత్రి 11:44

పేరు పెట్టి పిల్చినారంట, వచ్చినా. మాస్టారూ, మీకు మా జట్టు జెర్సీ ఒకటి పంపిస్తా, సైజు చెప్పండి.

---

లెక్కల మాస్టారు | శనివారం, రాత్రి 11:49

నాయనా, దుమ్ము తుడుచుకోడానికి నా దగ్గర పాత బనీన్లు చాలా ఉన్నాయి.

అసలు విషయం చెప్పలేదు. నా దృష్టిలో ఆయన గొప్పతనం నోట్లో లేదు, కత్తెరలో ఉంది. 1995 వేసవిలో ఇన్స్, హ్యూస్, కాన్చెల్‌స్కిస్ ముగ్గుర్నీ పంపేశాడు. ముగ్గురూ టైటిళ్లు గెలిపించినవాళ్లు. వాళ్ల చోట బెకమ్, స్కోల్స్, బట్, నెవిల్ అన్నదమ్ములు. ఆగస్టులో ఆస్టన్ విల్లా చేతిలో 3-1తో ఓడగానే, పిల్లలతో ఏమీ గెలవలేవని టీవీలో అన్నది మన పాత ఆటగాడు అలన్ హాన్సెన్. మేలో ఆ పిల్లలే లీగ్ గెలిచి, కప్ ఫైనల్లో మనమీదే గెలిచి డబుల్ కొట్టారు. ఆ ఫైనల్‌కి మనవాళ్లు మీగడ రంగు సూట్లు వేసుకుని వచ్చారు, గుర్తుందా? పెళ్లికొచ్చిన బ్యాండు మేళంలా. 85వ నిమిషంలో కాంటోనా కొట్టాడు. నాకు గోల్ కంటే ఆ సూట్లే ఎక్కువ గుర్తు.

జట్టు బాగా ఆడుతున్నప్పుడే విప్పి మళ్లీ కుట్టడం. 1994 జట్టు వేరు, 1999 జట్టు వేరు, 2008 జట్టు వేరు. మూడింట్లోనూ ఉన్నది గిగ్స్ ఒక్కడు. మన క్లబ్బులో 1990 తర్వాత ఎవరికీ చేతకానిది అదే. పాత ఇటుకలు పీకడానికి మనసొప్పక గోడ కూలేదాకా కూర్చున్నాం.

---

బూట్‌రూమ్ బాబాయి | ఆదివారం, తెల్లవారుజాము 12:20

మాస్టారు లెక్కలు చెప్పారు, నేను కథ చెబుతా. నిద్ర ఎలాగూ రావడం లేదు, షుగరు మాత్ర వేసుకోవడం మర్చిపోయి లేచా.

1988 ఏప్రిల్ 4. ఈస్టర్ సోమవారం, ఆన్‌ఫీల్డ్. అప్పట్లో మనం చక్రవర్తులం. 3-1తో ముందున్నాం. పైగా యునైటెడ్‌లో గిబ్సన్‌ని బయటికి పంపారు, 10 మందే మిగిలారు. అయినా 3-3 చేశారు. మూడో గోల్ కొట్టిన స్ట్రాకన్, మన అభిమానుల స్టాండు కాప్ ఎదుటకొచ్చి చుట్ట కాలుస్తున్నట్టు వేళ్లు పెదాల దగ్గర పెట్టుకున్నాడు.

మ్యాచ్ అయ్యాక ఫెర్గూసన్ కారిడార్లో రేడియో వాళ్లకి పూనకం వచ్చినట్టు చెబుతున్నాడు. ఇక్కడికి వచ్చే మేనేజర్లు రిఫరీ గురించి నిజం చెప్పడానికి భయపడి, నాలుక కరుచుకుని, కక్కు మింగుకుని పోతున్నారు అని. ఆ సమయానికే అటుగా మన మేనేజర్ డాల్‌గ్లిష్ వచ్చాడు. చేతుల్లో నెలన్నర పాప, ఆయన కూతురే. రేడియో వాళ్లతో ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు: మా పాపతో మాట్లాడండి, ఆయనకంటే దీనిదగ్గరే కాస్త అర్థమున్న మాటలొస్తాయి అని. ఆ పైన ఇద్దరూ ఏమేం అనుకున్నారో ఇక్కడ రాస్తే మోడరేటర్ ఊరుకోడు.

చాలా ఏళ్లు ఆ కథ చెప్పుకుని నవ్వుకున్నాను. ఇప్పుడు వేరేలా కనిపిస్తోంది. ఆ రోజు ఫెర్గూసన్ ఏమన్నాడు? పెద్ద క్లబ్బు ఇంటికెళ్తే రిఫరీ కూడా జంకుతాడు అనేగా. పదేళ్లు తిరిగేసరికి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గోల్కొండ అబ్బాయి చెబుతున్నది సరిగ్గా అదే. మనల్ని చూసి ఏడ్చాడు, మన దగ్గరే నేర్చుకున్నాడు, మనకంటే బాగా కట్టాడు. 2002లో ఒక ఇంటర్వ్యూలో, లివర్‌పూల్‌ని ఆ కొమ్మ మీంచి కింద పడేయడమే తన పెద్ద సవాలు అని బూతు కలిపి మరీ అన్నాడు. ఆ బూతు మనకి మర్యాదే. మనం లేకపోతే ఆ మనిషికి ఎక్కవలసిన చెట్టే లేదు.

---

గోల్కొండ కాప్ | ఆదివారం, తెల్లవారుజాము 12:31

బాబాయ్, నీ కథ బాగుంది గని నువ్వు మరీ మెత్తబడ్డవ్. గాయన ఆటగాళ్లను సూసిన తీరు సూడు. 2003ల ఆర్సెనల్ మీద ఓడినంక డ్రెస్సింగ్ రూంల బూటు తంతె పోయి బెకమ్ కనుబొమ్మకు తగిలింది. గా ఎండల్లనే అమ్మేసిండు. 2005ల కీన్‌ను, గన్ని ఏండ్ల కెప్టెన్‌ను, నవంబర్ల ఒక్క పొద్దుల సాగనంపిండు. పని అయినంక పారేసుడే.

మా హైదరాబాద్ల ఇండియా ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ఉండె. బడి పంతులు. 1951ల, 1962ల ఆసియా క్రీడల బంగారం తెచ్చిండు, 1956 ఒలింపిక్స్ల ఇండియాను నాలుగో జాగల నిలవెట్టిండు. జకార్తాల ఫైనల్ నాటికి పానం క్యాన్సర్ తింటున్నది, తెల్లారి ఏడాదికి పోయిండు. క్రమశిక్షణ అంటే గట్లుండాలె. బూట్లు తన్నుడేంది?

---

బూట్‌రూమ్ బాబాయి | ఆదివారం, తెల్లవారుజాము 12:43

రహీం సాబ్ పేరెత్తావు, నోరు మూసుకోవాలి నేను. కానీ తమ్ముడూ, మన పాత మేనేజర్ శాంక్లీ సంగతో? దెబ్బ తగిలిన ఆటగాడు ఎదురొస్తే పలకరించేవాడు కాదు, ఆడలేనివాడు లేనట్టే ఆయన లెక్క. దాన్ని మనం "గెలవాలన్న కసి" అని పుస్తకాల్లో చదివి మురిసిపోతాం. అదే ఫెర్గూసన్ చేస్తే రాక్షసుడు.

ఇద్దరూ ఒకే మట్టి. శాంక్లీది గ్లెన్‌బక్, బొగ్గు గనుల పల్లె. సెల్టిక్ మేనేజర్ స్టీన్ గనుల్లో పనిచేశాడు, యునైటెడ్ పాత మేనేజర్ బస్బీ కూడా గనుల ఊరివాడే. ఫెర్గూసన్ గ్లాస్గోలో గోవన్, ఓడలు కట్టే పేట, తండ్రి షిప్‌యార్డు కూలీ. తను ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా ఉండగానే సమ్మె నడిపించాడు. ఆ ఊళ్లలో పుట్టినవాడికి మెత్తగా మాట్లాడటం ఎవరు నేర్పుతారు? ఆయన 1974లో శాంక్లీ పదవి వదిలేసిన నెల్లాళ్లకి మాంచెస్టర్ వచ్చి ఉంటే... సరే, మాంచెస్టర్ కాదు, లివర్‌పూలే వచ్చి ఉంటే, మనం ఆయన విగ్రహానికి పాలాభిషేకం చేసేవాళ్లం.

---

హైబరీ హరి | ఆదివారం, తెల్లవారుజాము 12:50

పక్కింటివాడిని, గోడ మీంచి ఒక మాట. 2004 అక్టోబర్, మా ఆర్సెనల్ ఓటమి లేని 49 మ్యాచ్‌ల పరంపర ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 2-0తో తెగింది. టన్నెల్లో పిజ్జా ముక్క ఎగిరి ఫెర్గూసన్ మీద పడింది. విసిరింది ఫాబ్రెగాస్ అని తర్వాత తేలింది. మా చరిత్రలో అంత గురి చూసి కొట్టిన షాట్ మళ్లీ లేదు.

---

మోడరేటర్ | ఆదివారం, ఉదయం 7:15

రాత్రి రెండు పోస్టులు తీసేశాను. ఫెర్గూసన్ కుటుంబం జోలికి వెళ్లొద్దు. హరి గారూ, మీ గోడ మీరు దూకి వెళ్లిపోండి.

---

మెర్సీ తీరం | ఆదివారం, మధ్యాహ్నం 1:24

అందరూ పడుకున్నాక చదివాను, డ్యూటీ దిగి ఇప్పుడు రాస్తున్నా. నేను లివర్‌పూల్‌లో నర్సుని, పదకొండేళ్లు దాటింది. ఇక్కడివాళ్ల ముందు ఫెర్గూసన్ పేరెత్తితే తిడతారనుకున్నాను మొదట్లో. తిడతారు కూడా. కానీ వయసు మళ్లినవాళ్లు తిట్టి, ఒక్క క్షణం ఆగి, "అయితే..." అంటారు. ఆ "అయితే" గురించి చెప్పాలి.

1989 ఏప్రిల్ 15, హిల్స్‌బరో స్టేడియం. మన మ్యాచ్ చూడ్డానికి వెళ్లి తొక్కిసలాటలో 97 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. తప్పు చనిపోయినవాళ్లదే అని 23 ఏళ్లు బుకాయించారు. ఆ వారంలో డాల్‌గ్లిష్‌కి ముందుగా ఫోన్ చేసినవాళ్లలో ఫెర్గూసన్ ఒకడు. పాప కథ జరిగి అప్పటికి ఏడాదే. డాల్‌గ్లిష్ తర్వాత ఆ మాట తనే చెప్పారు.

2012 సెప్టెంబర్ 12న స్వతంత్ర ప్యానెల్ నివేదిక వచ్చింది, నిజం బయటపడింది. సరిగ్గా 11 రోజులకి ఆన్‌ఫీల్డ్‌లో మన-యునైటెడ్ మ్యాచ్. అక్కడికి వచ్చిన యునైటెడ్ అభిమానులందరికీ ఫెర్గూసన్ పేరుతో ఒక ఉత్తరం పంచారు. మా వార్డులో ఒక పెద్దావిడ ఉండేది, పక్కా లివర్‌పూల్ మనిషి. ఆవిడ అల్లుడు యునైటెడ్. అతను తెచ్చిన ఆ ఉత్తరాన్ని ఆవిడ నాలుగు మడతలు పెట్టి బీరువాలో గ్యాస్ బిల్లులతో పాటు దాచుకుంది. ఒకసారి నాకు చూపించింది. మడతల దగ్గర చిరగబోతోంది. మన పోటీ పైచెయ్యి కావాలన్న పట్టుదలతో ఉండాలి తప్ప ద్వేషంతో కాదు అన్నది అందులో సారం. ఆవిడ చదివి వినిపించి, "ముసలాడు పెద్ద వెధవే, కానీ ఈ కాగితం నా దగ్గరే ఉంటుంది" అంది.

ఆ రోజు మ్యాచ్ అయ్యాక కొందరు యునైటెడ్ వాళ్లు పాడకూడని పాటలు పాడారు. ఉత్తరంతో అందరి నోరూ కట్టడం కాదు. 1958లో యునైటెడ్ ఆటగాళ్లు పోయిన మ్యూనిక్ విమాన ప్రమాదం మీద మనవాళ్లు పాడినవీ తక్కువేం కాదు.

ఇంకోటి. యునైటెడ్ ఆటగాడు ఎవ్రాని జాతి పేరుతో దూషించాడని నిషేధం పడ్డ మన సువారెజ్ విషయంలో. 2012 ఫిబ్రవరిలో ఎవ్రాకి చెయ్యి ఇవ్వనిది మనవాడు. ఫెర్గూసన్ మండిపడితే, ఈయనెవరు మనకి చెప్పడానికి అని నేనూ ఎగిరాను. అంతకు ముందు డిసెంబర్‌లో మన జట్టంతా సువారెజ్ బొమ్మ టీషర్టులు వేసుకుని నిలబడ్డారు. మన పాత ఆటగాడు కారగర్ 2019లో టీవీలో ఎవ్రా ముందే క్షమాపణ చెప్పాడు. ఆ రోజు సరైన వైపు నిలబడింది ఎవరో ఒప్పుకోడానికి మనకి ఏడేళ్లు పట్టింది. బీబీసీతో ఆయన అలిగింది కూడా ఏడేళ్లేగా.

---

గోల్కొండ కాప్ | ఆదివారం, మధ్యాహ్నం 1:40

అక్కా, ఉత్తరం ముచ్చట నాకు ఎరుక లేదు. సప్పుడు జేయకుంట కూసున్న కొద్దిసేపు.

గని గదే మ్యాచ్ల షెల్వీ రెడ్ కార్డు తిని పోవుకుంట, ఫెర్గూసన్ దిక్కు వేలు సూపి నీ వల్లనే అని ఒర్లిండు సూడు. తర్వాత సారీ చెప్పిండనుకో. గా అరుపు మాత్రం నా పానం సల్లబరిచింది. గంతవరకు రాయితీ ఇయ్యు.

---

మెర్సీ తీరం | ఆదివారం, మధ్యాహ్నం 1:46

ఇచ్చాను తమ్ముడూ. నేనూ నవ్వాను ఆ రోజు.

---

ఓల్డ్ ట్రాఫర్డ్ ఓబులేసు | ఆదివారం, సాయంత్రం 5:02

మీరంతా మా పెద్దాయన్ని మెచ్చుకుంటాంటే నాకు భయమేస్తాంది సామీ. అందుకని నేనే తిడతా ఈసారి. గడియారాలు, రిఫరీలు, బూట్లు, ఇవన్నీ మీ బాధలు. మాకు అవి పండగ. మా బాధ గుర్రం.

రాక్ ఆఫ్ జిబ్రాల్టర్ అని ఒక పందెం గుర్రం ఉండె. వరసగా 7 గ్రూప్ వన్ పందేలు గెలిచింది. అందులో మా పెద్దాయనకి వాటా అని పేరు. గుర్రం పరుగు మానేసినాక దాంతో పిల్లల్ని పుట్టించే హక్కు ఉంటుంది కదా, దాంట్లో కోట్లుంటాయి. ఆ డబ్బుల్లో నాకూ సగం అని ఈయన. లేదు, నీకు పందెం సొమ్ములోనే వాటా అని మాగ్నియర్. ఆ మాగ్నియర్, ఆయన జతగాడు మక్‌మానస్, ఇద్దరూ మా క్లబ్బులోనే పెద్ద వాటాదారులు. నీ ఇంటి ఓనరు మీదనే కోర్టుకు పోయినట్టు. 2004లో ఎట్లనో రాజీ పడినారు. కానీ మనసులు ఇరిగినాయి. 2005లో వాళ్లు తమ దగ్గరుండే దాదాపు 29 శాతం వాటా ఎవరికి అమ్మినారు? గ్లేజర్లకి, అమెరికా వ్యాపార కుటుంబానికి. గ్లేజర్లు ఏం చేసినారు? క్లబ్బును కొనడానికి తెచ్చిన అప్పు క్లబ్బు నెత్తినే పెట్టినారు. ఇల్లు కొనడానికి అప్పు చేసి, ఆ వాయిదా అద్దెకుండేవాళ్ల దగ్గర గుంజినట్టు.

ఆ కోపంతో మా అభిమానులే కొంతమంది బయటికి పోయి ఎఫ్‌సీ యునైటెడ్ అని వేరే క్లబ్బు పెట్టుకున్నారు. మరి సమ్మె నడిపించిన మనిషి, జీవితమంతా లేబర్ పార్టీ అని చెప్పుకున్న మనిషి, గ్లేజర్లను ఒక్క మాటన్నాడా? పల్లెత్తు మాట లేదు. వాళ్లు మంచోళ్లే అన్నాడు. ఒక గుర్రం కోసం అంత కొట్లాడినాయన, క్లబ్బు కోసం నోరు తెరవలేదు. బాబాయ్ చెప్పిన గోవన్ మట్టి ఆ రోజు యాడికి పోయింది?

2013లో టైటిల్ గెల్చి పోయినాడు. మంచిదే. కానీ చేతికిచ్చింది ముసలి జట్టు, అప్పుల ఇల్లు. మాస్టారు కత్తెర అన్నారే, ఆ ఆఖరి నాలుగేళ్లు కత్తెర పక్కన పెట్టి దారంతో ఆడ ఒక కుట్టు, ఈడ ఒక కుట్టు వేసుకుంటా వచ్చినాడు. స్కోల్స్ రిటైరయి ఇంట్లో కూర్చుంటే 2012లో మళ్లీ పిల్చుకొచ్చినాడు, అంత కరువు. అట్లాంటి జట్టుతో లీగ్ గెలవడం ఈయనకే సాధ్యం, దాన్ని నడపడం ఇంకెవరికీ సాధ్యం కాలేదు. తర్వాత మేనేజరుగా వచ్చిన మోయెస్ పాపం పది నెలలే.

---

లెక్కల మాస్టారు | ఆదివారం, సాయంత్రం 5:30

ఓబులేసూ, జెర్సీ పంపు. మీడియం.

నువ్వు చెప్పింది నేను ఒప్పుకోవాల్సిందే. 1995లో పడ్డ కత్తెర 2010లో ఎందుకు పడలేదో నేను రాత్రి రాసిన దాంట్లో జవాబు లేదు. వేలెత్తి చూపితే దొరికాను. రొనాల్డోని 2009లో అమ్మాక వచ్చిన సొమ్ము ఎటుపోయిందో ఆలోచిస్తే కత్తెర ఉన్నా గుడ్డ లేదేమో అనిపిస్తుంది. కానీ ఆ గుడ్డ లేకుండా చేసినవాళ్లకి వంత పాడింది ఆయనే కాబట్టి, మళ్లీ నీ దగ్గరికే వస్తుంది లెక్క.

---

బూట్‌రూమ్ బాబాయి | ఆదివారం, సాయంత్రం 6:12

శాంక్లీ 1974లో వదిలేశాక అలవాటు చావక రోజూ మెల్‌వుడ్‌లో ప్రాక్టీసుకి వచ్చేవాడు. ఆటగాళ్లు పాత బాస్‌నే "బాస్" అంటుంటే పాపం కొత్త మేనేజర్ పెయిస్లీకి ఇబ్బంది. చివరికి రావద్దన్నట్టు చేశారు మనవాళ్లు. అది మన క్లబ్బు చేసిన పాపం, ఒప్పుకుంటా. కానీ ఆ పాపం వల్ల పెయిస్లీకి ఊపిరాడింది, మూడు యూరోపియన్ కప్పులొచ్చాయి.

ఫెర్గూసన్‌కి డైరెక్టర్ పదవిచ్చి పైన కూర్చోబెట్టారు. స్టాండుకి ఆయన పేరు, బయట విగ్రహం. కింద మోయెస్ ఓడుతుంటే కెమెరా టక్కున పైకి తిరిగేది, ఆయన మొహం మీదికి. గోడకి తగిలించిన తాతగారి ఫొటో కళ్లు తెరిచి చూస్తున్నట్టు. ఏ కొత్త అల్లుడు కాపురం చేస్తాడు ఆ ఇంట్లో?

ఆయన కావాలని చేశాడని అనను. 2013లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో తన ఆఖరి మ్యాచ్ రోజు మైకు పట్టుకుని, కొత్త మేనేజర్ వెంట నిలబడటమే ఇక మీ పని అని జనానికి చెప్పాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ కొందరు ఏమీ అనకుండా కూర్చున్నా గది బరువెక్కుతుంది.

---

విశాఖ వింగర్ | ఆదివారం, సాయంత్రం 6:20

బాబాయ్ ఈయన గురించి రాస్తంటే మా మామ్మ గుర్తొస్తంది. ఏటీ అనదు, మంచమ్మీద కూకుంటాది. అయినా ఇంట్లో కోడళ్లెవరికీ కూర కుదరదు.

---

గోల్కొండ కాప్ | ఆదివారం, రాత్రి 8:47

పొద్దటి సంది ఆలోచన జేసిన. కాకినాడ అన్న అడిగినదానికి నా జవాబు రాస్త, తప్పయితే తిట్టుండ్రి.

నాకు గాయన మీద కోపం తగ్గలే. గని కోపం కారణం మారింది. ఇన్నేండ్లు మోసం జేసి గెలిచిండని కోపం. ఇప్పుడు సూస్తె, గాయన మన పెద్దమనుషుల లెక్కనే ఉన్నడు. ఫోన్ జేయాల్సిన కాడ జేసిండు, ఉత్తరం రాయాల్సిన కాడ రాసిండు. ఓబులేసు చెప్పినట్టు మాట్లాడాల్సిన కాడ మాట్లాడలే. పరాయోళ్లకు పెద్ద మనసు సూపిండు, సొంతింటికి సూపలే. మా నాయిన గూడ గంతే ఉండె. గందుకే మండుతున్నదేమో.

1999 రాత్రి మాత్రం మాఫీ లేదు. గది గదే, ఇది ఇదే.

---

కాకినాడ కాప్ | ఆదివారం, రాత్రి 10:05

గోల్కొండా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. జవాబు రాయబోయి చెరిపేశాను. హైదరాబాద్ వచ్చినప్పుడు కలుద్దాం, ఇరానీ చాయ్ నాది.

మావాడికి ఇదంతా చదివి వినిపించా. గుర్రం కథ దగ్గర ఓబులేసు అంకుల్ బాగా చెప్పాడన్నాడు. ఉత్తరం దగ్గర ఏమీ అనలేదు, ఫోన్ పక్కన పెట్టి విన్నాడు, అదే ఎక్కువ ఈ వయసులో. హిల్స్‌బరో గురించి ఇంకా చెప్పమన్నాడు, రేపు చెబుతానన్నా.

పడుకోబోతూ గుమ్మం దగ్గర ఆగి ఒక్క ప్రశ్న అడిగాడు. నాకు తట్టలేదు, మాస్టార్ని అడుగుతున్నా. "1988లో ఆ చంటిపాప ఉంది కదా నాన్నా, ఇప్పుడు ఎంత పెద్దదై ఉంటుంది?"

---

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 10:09

నలభైకి దగ్గర పడి ఉంటుంది. చాలా క్లబ్బులకి మేనేజర్లు అయ్యే వయసు.

---

ఓల్డ్ ట్రాఫర్డ్ ఓబులేసు | ఆదివారం, రాత్రి 10:11

ఆ పాపనే మాకు పంపియ్యండి సామీ. అర్థమున్న మాటలు చెప్తుందని మీ డాల్‌గ్లిషే అన్నాడంట కదా. మోయెస్ అయినాడు, వాన్ గాల్ అయినాడు, మౌరీన్యో, సోల్‌షేర్, టెన్ హాగ్, అమొరిమ్ అయినారు. ఇంగ మేం అడగనోళ్లు యాడా మిగల్లేదు.